రోమియో జూలియట్: ఏ మాట, ఎవరి నోట, ఏ వేళ?

మల్లెపందిరి
శనివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. ఈ నెల రోజులుగా మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్' పాఠం చెబుతున్నాను. నిన్న సాయంత్రం సందర్భ సహిత వ్యాఖ్యల జవాబులు దిద్దుతూ కూర్చుంటే, ఇంచుమించు ప్రతి పత్రంలోనూ 'పేరులో ఏముంది?' అన్న వాక్యం కింద 'పేరు కన్నా గుణమే ముఖ్యమని షేక్‌స్పియర్ బోధించాడు' అన్న వ్యాఖ్యే కనిపించింది. పిల్లల్ని తప్పుపట్టలేను, గైడులో అలాగే ఉంది. పెళ్లి పత్రికల మీదా క్యాలెండర్ల మీదా కూడా ఆ మాట అలాగే, ఒక మహాకవి సూక్తిలా తిరుగుతోంది.

నిజానికి అది షేక్‌స్పియర్ బోధ కాదు. పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా రెండు వారాల పైచిలుకు ఉన్న ఒక ఆడపిల్ల, విందు ముగిసిన రాత్రి తన కిటికీ దగ్గర నిలబడి, ఎవరూ వినడం లేదన్న ధైర్యంతో తనకు తాను చెప్పుకున్న మాట. తాను మనసిచ్చినవాడు తమ పగవారింటి బిడ్డ అని ఆమెకు తెలిసి ఎంతో సేపు కాలేదు. రోమియో వంశం పేరైన మాంటెగ్యూ అంటే చెయ్యా, కాలా, ముఖమా, ఒంట్లో ఏ భాగమూ కాదు గదా, గులాబీని మరో మాటతో పిలిచినా అదే పరిమళం గదా అని ఆమె వాదిస్తోంది. వాదించవలసిన అవసరం వచ్చిందంటేనే ఆ పేరు ఆమెను ఎంతగా భయపెడుతోందో తెలుస్తోంది. పేరులో ఏమీ లేదని నిజంగా నమ్మినవారు 'ఆ పేరు వదిలెయ్యి' అని బతిమాలుకోరు.

అందుకే మీ అందరినీ ఒక కోరిక కోరుతున్నాను. ఈ నాటకంలోంచి బయటికి వచ్చి ఒంటరిగా తిరుగుతున్న వాక్యాలను మళ్లీ వాటి చోటికి చేర్చి చదువుదాం. ఆ మాట అన్నది ఎవరు, ఎవరితో అన్నారు, ఏ వేళ అన్నారు, అన్న తరువాత ఏమైంది అన్న నాలుగు ప్రశ్నలూ ప్రతి వాక్యానికీ వేద్దాం.

నిఘంటువు
శనివారం, రాత్రి 10:25

మంచి చర్చకు తెర తీశారు, అమ్మా. గులాబీకి ముందు వచ్చే వాక్యంతో నేను మొదలుపెడతాను. 'ఓ రోమియో, రోమియో, వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో?' అన్నదాన్ని 'రోమియో, నువ్వెక్కడున్నావు?' అని అర్థం చేసుకొని, తోటలోకి చేయి నొసట అడ్డుపెట్టుకొని చూస్తున్నట్లు నటించిన జూలియట్లను నేను కళాశాల వార్షికోత్సవాల్లో ఎందరినో చూశాను. ఆ రోజుల ఇంగ్లీషులో వేర్‌ఫోర్ అంటే 'ఎక్కడ' కాదు, 'ఎందుకు'. 'నువ్వు రోమియోవే ఎందుకు కావలసి వచ్చింది?' అన్నది ఆ పిల్ల వేదన. అతను కిందనే చీకట్లో నిలబడి అంతా వింటున్నాడన్న సంగతి ఆమెకు తెలియదు, వెతకడమూ లేదు. 'ఎక్కడ' అనుకుంటే అది ఎదురుచూపు. 'ఎందుకు' అనుకుంటే అది మొర.

ఇక పేరు సంగతి. మన భాషలో వంశనామాన్ని 'ఇంటిపేరు' అంటాం. ఇంగ్లీషు పాఠకుడు కొంచెం శ్రమపడి పట్టుకోవలసిన సంబంధాన్ని ఈ ఒక్క మాట మనకు అప్పనంగా అందిస్తోంది. ఈ నాటకంలో ఇల్లు, పేరు ఒకదాన్నొకటి విడిచి ఉండవు. నాందిలో మొదటి మాటలే 'రెండిళ్లు' అన్నవి. విందుకు పిలవవలసిన వారి పేర్ల జాబితా చేత పట్టుకున్న, జూలియట్ తండ్రి కాపులెట్ నౌకరుకు చదువు రాదు. అతను వీధిలో కనబడిన రోమియో చేతనే ఆ పేర్లు చదివించుకొని, 'మీరు మాంటెగ్యూ ఇంటివారు కాకపోతే మా విందుకు రండి' అని పిలుస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన చోటు మూడో అంకంలో ఉంది, దాన్ని ఎవరూ క్యాలెండర్ల మీద అచ్చు వేయరు. టిబాల్ట్‌ను చంపి, తమకు రహస్యంగా పెళ్లి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ గదిలో దాక్కున్న రోమియో, ఆ పేరే తన చేతితో జూలియట్ బంధువును చంపించిందని ఏడుస్తూ, 'ఈ దేహంలో ఏ నీచమైన భాగంలో నా పేరు కాపురముందో చెప్పండి, ఆ పాడు భవంతిని కూల్చేస్తాను' అని కత్తి దూస్తాడు. పేరు ఒంట్లో ఏ భాగమూ కాదని జూలియట్ అన్నది ఆదివారం రాత్రి. అది ఒంట్లో ఎక్కడుందో చెప్పమని రోమియో కత్తి పట్టుకున్నది సోమవారం రాత్రి. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి అడిగితే మీ విద్యార్థులు గైడు వంక చూడరని నా నమ్మకం.

పరభాష
ఆదివారం, ఉదయం 6:40

నిఘంటువు గారికి నమస్కారం. నేను ఈ నాటకంలోని కొన్ని ఘట్టాలను తెలుగులోకి తెచ్చే ప్రయత్నంలో ఉన్నాను కనుక, అనువదించేటప్పుడు మాత్రమే కంటబడే ఒక సంగతి చెబుతాను. నేటి ఇంగ్లీషులో ఒక్క 'యు' మిగిలింది గాని, షేక్‌స్పియర్ కాలంలో మనకున్నట్లే రెండు ఉండేవి. 'యు' ఇంచుమించు మన 'మీరు', 'దౌ' ఇంచుమించు మన 'నువ్వు'.

విందులో మొదటిసారి చేయి తాకినప్పుడు జూలియట్ రోమియోతో 'యాత్రికుడా, మీ చేతిని మీరే మరీ నిందిస్తున్నారు' అని 'యు' వాడుతుంది. ముద్దు తరువాత కూడా 'మీరు శాస్త్రప్రకారం ముద్దు పెడుతున్నారు' అనే అంటుంది. కొన్ని గంటలు గడిచాక తోటలో 'నువ్వెలా వచ్చావిక్కడికి?', 'నన్ను ప్రేమిస్తున్నావా?' అని అడుగుతుంది. ఒకే రాత్రిలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మన ఇళ్లలో పెళ్లయిన ఎన్నేళ్లకో గాని జరగని, కొన్ని ఇళ్లలో ఎన్నటికీ జరగని మార్పు అది. ఇంగ్లీషులో ఈనాటి పాఠకుడు చూడకుండా దాటిపోయే ఈ మెట్టు మీద తెలుగు పాఠకుడి కాలు తప్పకుండా పడుతుంది.

దీనికి జోడుగా నాలుగో అంకంలో, తండ్రి ఆమెకు కుదిర్చిన వరుడు పారిస్‌తో ఆమె మాట్లాడే తీరు చూడండి. అతను 'నీ ముఖం నాది, దాన్ని నువ్వే నిందించుకున్నావు' అని చనువు తీసుకుంటాడు. ఆమె మాత్రం 'అయ్యా' అనీ 'మీరు' అనీ గీత గీసే ఉంచుతుంది. 'నీ ముఖం నాది' అన్నదానికి ఆమె జవాబు 'కావచ్చు, అది నాది కాదు గదా' అని. పారిస్ దాన్ని విధేయత అనుకొని ఉంటాడు. ఆ ముఖం అప్పటికే రోమియోదని మనకు తెలుసు.

చేయి తాకిన ఆ విందు ఘట్టం గురించి ఇంకొక్క మాట. అక్కడ వాళ్లిద్దరి మాటలూ కలిపి లెక్కపెడితే సరిగ్గా 14 పాదాల సానెట్ అవుతుంది. మొదటి నాలుగు పాదాలు అతనివి, తరువాతి నాలుగు ఆమెవి, ఆపైన పంచుకుంటారు, చివరి ద్విపదలో చెరొక పాదం. మన పద్యనాటకంలో ఒకే సీసాన్ని ఇద్దరు పాత్రధారులు పాదాలు పంచుకొని, యతి చెడకుండా పూర్తిచేశారని ఊహించుకోండి. ఇటాలియన్‌లో 'రోమియో' అంటే రోముకు వెళ్లే యాత్రికుడు. తన పేరు చెప్పకుండానే అతను తనను యాత్రికుడిగా పోల్చుకున్నాడు, ఆమె పేరు తెలియకుండానే అతన్ని పేరుతో పిలిచింది. వెంటనే రెండో సానెట్ మొదలవుతుంది. నాలుగు పాదాలు కాగానే దాది వచ్చి 'అమ్మగారు పిలుస్తున్నారు' అంటుంది, పద్యం తెగిపోతుంది. ఆ తెగిన పద్యం నాకు ఈ నాటకంలోని ఏ మరణం కన్నా ముందు వచ్చిన మరణంలా అనిపిస్తుంది.

నల్లరేగడి
ఆదివారం, ఉదయం 11:15

పై ముగ్గురి పరిశీలనా బాగుంది. అయినా మీరందరూ మనుషుల మాటల్నే చూస్తున్నారు, మొదటి పద్యంలోనే కవి చెప్పిన దాన్ని పక్కన పెడుతున్నారు. వాళ్లు గ్రహాలు కలవని ప్రేమికులని, వాళ్ల ప్రేమకు చావు ముద్ర పడి ఉందని నాంది ముందే ప్రకటిస్తోంది. టిబాల్ట్ నేలకొరగగానే రోమియో నోట వచ్చేది 'అయ్యో, నేను విధి చేతి వెర్రివాణ్ని' అన్న మాటే. జూలియట్ చనిపోయిందని విన్నప్పుడు 'అయితే నక్షత్రాల్లారా, మిమ్మల్ని ధిక్కరిస్తున్నాను' అంటాడు. పేర్లనూ ఇళ్లనూ ఎంత తవ్వినా, ఆమె చనిపోలేదు, మత్తులో ఉందన్న ఉత్తరం అతనికి చేరకపోవడం, ఆమె కళ్లు తెరవడానికి కాస్త ముందే అతను విషం తాగడం మనుషుల చేతిలో ఉన్నవి కావు. తలరాత అన్న మాట మనకు కొత్త కాదు గనుక మన పాఠకులకు ఈ నాటకం ఇంత దగ్గరగా వచ్చిందని నా అభిప్రాయం. అది విధి నాటకం కాదని అనాలంటే మొదటి పద్యాన్ని చించివేయాలి.

తెరవెనుక
ఆదివారం, మధ్యాహ్నం 3:50

నల్లరేగడి గారూ, మొదటి పద్యాన్ని చించనక్కరలేదు. అది ఎవరి నోట వస్తోందో చూస్తే చాలు. నాంది పలికేవాడు కథ మొత్తం తెలిసినవాడు, కథలో కాలు పెట్టనివాడు. లోపల ఉన్నవాళ్లు నక్షత్రాల పేరు ఎప్పుడెప్పుడు ఎత్తుతారో చూడండి. 'విధి చేతి వెర్రివాణ్ని' అని రోమియో అనేసరికి అతని చేతిలో ఇంకా తడారని కత్తి ఉంది.

నేను పరిషత్తు నాటకాల్లో పాతికేళ్లు తిరిగినవాణ్ని. ఒకసారి ఈ నాటకంలో రెండు అంకాలు తెలుగులో ఆడాలని రిహార్సల్స్ చేశాం. ఫ్రయర్ లారెన్స్ వేషం నాది. పెళ్లికి ముందు అతను చెప్పే 'ఇంత ఉధృతమైన ఆనందాలకు ముగింపులూ ఉధృతంగానే ఉంటాయి. నిప్పూ మందుగుండూ ముద్దాడిన క్షణమే మసైనట్లు, గెలిచిన చోటే అవి చనిపోతాయి' అన్న మాటల్ని మొదట్లో నేను ఉపన్యాసంలా, చేయెత్తి, ప్రేక్షకుల వైపు తిరిగి చెప్పేవాణ్ని. చప్పట్లు పడే వాక్యమని నాకు తెలుసు. మూడో రోజు రిహార్సల్లో జూలియట్ వేషం వేసిన అమ్మాయి పరుగున వచ్చి రోమియో పక్కన నిలబడింది. ఆ తరువాతి నా వాక్యం చెప్పబోయి ఆగిపోయాను. 'రండి, రండి, ఈ పని త్వరగా ముగించేద్దాం. మిమ్మల్నిద్దర్నీ ఒంటరిగా వదలను' అన్నది ఆ వాక్యం. మితంగా ప్రేమించండి, నిదానమే నిలుస్తుంది అని చెప్పిన నోరే, ఇరవై పాతిక పంక్తులు తిరగకుండా, త్వరగా కానిద్దామంటోంది. ఆ రోజు నుంచి ఆ సూక్తిని నేను చేయెత్తి చెప్పలేకపోయాను. తన మాట మీద తనకే నమ్మకం చాలని ఒక పెద్దమనిషి, జోడించిన తన చేతుల వంక చూసుకుంటూ గొణుక్కున్నట్లు చెప్పాను. చప్పట్లు పడలేదు. హాలంతా నిశ్శబ్దమైంది.

ఇతనిదే ఇంకో మాట ఉంది. తోట రాత్రి గడిచిన తెల్లవారుజామున రోమియో తొందరపెడుతుంటే 'తెలివిగా, నెమ్మదిగా. పరుగెత్తేవాళ్లే తొట్రుపడతారు' అంటాడు. అది కూడా గోడ మీద రాసుకునే మాటే. కాని చివరి అంకంలో, చీకట్లో శ్మశానానికి పరుగెత్తుతూ వచ్చిన ఇదే ఫ్రయర్ 'ఈ రాత్రి నా ముసలి కాళ్లు ఎన్నిసార్లు సమాధులకు తగిలి తొట్రుపడ్డాయో!' అంటాడు. రెండు చోట్లా ఇంగ్లీషులో 'స్టంబుల్' అన్న ఒకే మాట. తన హితవు తన కాళ్లకే తగిలింది. అంతటితోనూ ఆగలేదు. కాపలావాళ్ల అలికిడి వినగానే 'ఇంక నేనిక్కడ ఉండలేను' అని, అప్పుడే కళ్లు తెరిచిన ఆ పిల్లను శవాల మధ్య వదిలి వెళ్లిపోతాడు. 'మిమ్మల్ని ఒంటరిగా వదలను' అన్నవాడే.

తొందర అన్నది షేక్‌స్పియర్ కావాలని తెచ్చిపెట్టింది. అతను ఆధారం చేసుకున్న ఆర్థర్ బ్రూక్ కావ్యం 1562లో వచ్చింది. అందులో కథ నెలల తరబడి సాగుతుంది, జూలియట్‌కు పదహారేళ్లు. షేక్‌స్పియర్ ఆమె వయసు రెండేళ్లు తగ్గించాడు. కథను ఆదివారం ఉదయం మొదలుపెట్టి గురువారం తెల్లవారేసరికి ముగించాడు. విధి మాత్రమే చంపేటట్లయితే నెలలైనా చంపుతుంది. రోజులు కుదించింది ఎందుకో ఆలోచించండి.

రెండో బెంచి
ఆదివారం, సాయంత్రం 5:30

నమస్కారం. నేను మల్లెపందిరి మేడమ్ గారి విద్యార్థిని. పేరులో ఏముంది అన్నదానికి గైడు జవాబు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక సందేహం అడగవచ్చునా? రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చనిపోతూ 'మీ రెండిళ్లనూ మహమ్మారి తినిపోనూ' అని శపిస్తాడు గదా. దాన్ని మేము కోపంలో అన్న తిట్టుగానే చదివాం. అతను ఆ రెండిళ్ల బంధువు కాడు, ఊరి ప్రభువు బంధువు. ఇంత ముఖ్యమైన శాపాన్ని సంబంధం లేని మనిషి చేత ఎందుకు పెట్టించాడు?

నిఘంటువు
ఆదివారం, రాత్రి 8:05

చాలా మంచి ప్రశ్న అడిగావు, తల్లీ. సంబంధం లేనివాడు కనుకనే ఆ శాపానికి బలం. రోమియో మధ్యలో దూరి ఆపబోతే, అతని చేతి కింద నుంచి టిబాల్ట్ కత్తి దిగింది. 'మా ఇద్దరి మధ్యకు నువ్వెందుకు వచ్చావు, నీ చేతి కిందనే నాకు దెబ్బ తగిలింది' అని మెర్క్యూషియో అడిగితే రోమియో దగ్గర 'మంచికే అనుకున్నాను' అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు. అంతవరకూ ఆటలాడిన మనిషి చావులో కూడా శ్లేష వదలడు. 'రేపు నా కోసం అడగండి, గ్రేవ్ మనిషిగా కనబడతాను' అంటాడు. గ్రేవ్ అంటే గంభీరుడనీ అర్థం, సమాధి అనీ అర్థం. దీన్ని తెలుగులోకి ఎలా తేవాలో పరభాష గారే చెప్పాలి. శాపాన్ని అతను మూడుసార్లు పూర్తిగా పలికి, నాలుగోసారి ఊపిరి చాలక 'మీ ఇళ్లు!' అని మాత్రం అని తెర వెనక్కి వెళ్తాడు. మహమ్మారి అన్న మాట రాలిపోయి, ఇళ్లు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు అయిదో అంకంలోకి రా. జూలియట్ చనిపోలేదు, మందు మత్తులో ఉందని రోమియోకు తెలియజేసే ఉత్తరాన్ని, అతను బహిష్కరణలో ఉన్న మాంటువా ఊరికి తీసుకుపోవలసినవాడు ఫ్రయర్ జాన్. తోడు కోసం ఒక సన్యాసి దగ్గరికి వెళ్లాడు, ఆ సన్యాసి రోగులను చూసి వస్తున్నాడు. ఊరి తనిఖీదారులు వీళ్లిద్దరూ మహమ్మారి సోకిన ఒక ఇంట్లో ఉన్నారని అనుమానించి, తలుపులు మూసి ముద్ర వేసి బయటికి రానివ్వలేదు. ఉత్తరం వెళ్లలేదు. 'మీ ఇళ్ల మీద మహమ్మారి' అన్న తిట్టు, మహమ్మారి పేరిట మూసిన ఒక ఇంటి తలుపుగా మారి వాళ్ల బిడ్డల ప్రాణం తీసింది. లండనులో మహమ్మారి వల్ల 1592 నుంచి 1594 దాకా నాటకశాలలు చాలా కాలం మూతపడ్డాయి. ఈ నాటకం అది తగ్గిన కొద్దికాలానికే రాసినదని పండితుల అభిప్రాయం. ముద్ర వేసిన తలుపులు చూసిన కళ్లతో వచ్చిన ప్రేక్షకులకు ఆ చిన్న సన్నివేశాన్ని వివరించవలసిన పని లేకపోయింది. కరోనా రోజుల్లో వీధి చివర కట్టిన వెదురు బొంగులు చూశాం గనుక మనకూ ఇప్పుడు వివరించనక్కరలేదు.

కనుక నల్లరేగడి గారి ఉత్తరం చేరకపోవడం మీద నా సమాధానం కూడా ఇదే. అది యాదృచ్ఛికమే, ఒప్పుకుంటాను. కాని పగ లేకపోతే ఆ ఉత్తరం రాయవలసిన అవసరమే లేదు.

మల్లెపందిరి
ఆదివారం, రాత్రి 10:40

నా విద్యార్థిని ఇక్కడికి వచ్చి ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

ఈ చర్చ చదువుతూ నాటకాన్ని మళ్లీ తిరగేస్తుంటే, ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ కూడా నేను గమనించని ఒక జత దొరికింది. మొదటి అంకంలో పారిస్ పిల్లనడగడానికి వచ్చినప్పుడు కాపులెట్ ఎంత మెత్తగా మాట్లాడతాడో గుర్తుందా? నా బిడ్డ లోకానికి కొత్త, ఇంకా రెండు వేసవులు గడవనివ్వండి అంటాడు. ఆమె కన్నా చిన్నవాళ్లే తల్లులయ్యారని పారిస్ అంటే, అలా తొందరగా తల్లులైనవారు తొందరగానే చెడిపోతారు అంటాడు. ఆపైన అన్న మాట ఇది: 'ఆమె సమ్మతిలో నా ఇష్టం ఒక భాగం మాత్రమే.' ఇంగ్లీషులో ఇష్టానికి 'విల్', సమ్మతికి 'కన్సెంట్'. ఆ రోజుల్లో ఇంగ్లండులో సామాన్య కుటుంబాల ఆడపిల్లలకు ఇరవై దాటిన తరువాతే పెళ్లిళ్లు అవుతుండేవి గనుక, ఈ తండ్రి మాట అక్కడి ప్రేక్షకులకు సబబుగానే తోచి ఉంటుంది. మనకైతే, పన్నెండేళ్లకే కాపురానికి వెళ్లిన ముత్తవ్వల కథలు విన్నవాళ్లం గనుక, ఆ మెత్తదనం ఇంకా గొప్పగా వినిపిస్తుంది.

ఆ తండ్రే సోమవారం రాత్రి, పిల్లను అడగకుండానే, గురువారం పెళ్లి అని పారిస్‌కు మాట ఇచ్చేస్తాడు. మంగళవారం తెల్లవారాక ఆమె కాదనేసరికి 'నువ్వు నా దానివైతే నా స్నేహితుడికి ఇస్తాను, కాకపోతే ఉరిపోసుకో, అడుక్కుతిను, వీధుల్లో పడి చావు' అంటాడు. సమ్మతి అన్న మాట అతని నోట మళ్లీ రాదు.

అయితే నాటకంలో అది మళ్లీ వస్తుంది. ఎక్కడో తెలుసా? మాంటువాలో, చిరుగుబట్టల మందులవాడి నోట. విషం అమ్మితే మరణశిక్ష. రోమియో 40 డకట్లు చూపిస్తాడు. 'సమ్మతిస్తున్నది నా పేదరికం, నా ఇష్టం కాదు' అంటాడు ఆ మనిషి. మళ్లీ అవే రెండు మాటలు, 'విల్', 'కన్సెంట్'. ఇష్టం లేని సమ్మతి ఎలా ఉంటుందో కూతురి విషయంలో ఆ తండ్రికి అర్థం కాలేదు. ఊరూ పేరూ లేని ఒక బీదవాడు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేశాడు. రోమియో కూడా దాన్ని అర్థం చేసుకొనే డబ్బు ఇస్తూ, 'ఇదిగో నీ బంగారం, మనుషుల ఆత్మలకు ఇదే అసలైన విషం. విషం అమ్మింది నేను, నువ్వు కాదు' అంటాడు. ఈ వాక్యాన్ని మా గైడు ముఖ్యమైనవాటిలో చేర్చలేదు. వచ్చే వారం తరగతిలో దీనితోనే మొదలుపెడతాను.

పరభాష
సోమవారం, ఉదయం 6:15

మేడమ్, ఆ జత నాకూ కొత్తే. నా అనువాదంలో రెండు చోట్లా 'ఇష్టం', 'సమ్మతి' అన్న మాటలనే ఉంచుతాను, మార్చను. 'గ్రేవ్' శ్లేషకు మాత్రం నా దగ్గర సరైన మాట లేదు. 'రేపు వచ్చి అడగండి, నేను చాలా లోతైన మనిషినని తెలుస్తుంది' అని తాత్కాలికంగా పెట్టుకున్నాను. 'లోతు'లో గొయ్యి కొంచెం వినబడుతుందేమోనని ఆశ.

మంగళవారం తెల్లవారుజాము అన్నారు గనుక ఆ పిట్టల మాట చెప్పకుండా ఉండలేను. 'కూసింది నైటింగేల్, లార్క్ కాదు' అని జూలియట్ అంటుంది. నైటింగేల్ రాత్రి పాడే పిట్ట, లార్క్ తెల్లవారిందని చెప్పే పిట్ట. రెండూ మన పల్లెలో తెల్లవారుజామున వినబడేవి కావు. మనకు తెల్లవారడమంటే కోడికూత. నేను మొదట 'కూసింది కోడి కాదు' అని రాసి చూసుకున్నాను. చదివితే హాయిగానే ఉంది. రెండు కారణాల వల్ల కొట్టేశాను. కోడికూతను ఎంత ప్రేమలో ఉన్నవారైనా మరొక పిట్ట పాటగా భ్రమపడరు. ఆ ఘట్టానికి కావలసింది భ్రమపడడానికి వీలున్న పిట్ట. అసలు ఆమె భ్రమపడడం లేదు, భ్రమపడదామని అతన్ని పిలుస్తోంది. అతను 'సరే, అది లార్క్ కాదు, రానీ చావును, జూలియట్ కోరుతోంది' అనగానే ఆమెకు వెన్నులో చలి పుడుతుంది. 'లార్కే, లార్కే, వెళ్లిపో, త్వరగా వెళ్లిపో' అని తానే తరుముతుంది. అంతవరకూ 'వెళ్లొద్దు' అన్న పిల్ల ఒక్క క్షణంలో పెద్దదయిపోయిన చోటు అది.

రెండో కారణం: కోడి ఈ నాటకంలో వేరే ఇంటిది. పెళ్లిని ఒక రోజు ముందుకు జరిపాక, బుధవారం వేకువన పెళ్లి వంటల హడావుడిలో కాపులెట్ 'రెండో కోడి కూసింది, మూడు గంటలైంది, లేవండి' అని నౌకర్లను తొందరపెడతాడు. అప్పటికి పైగదిలో ఆమె మత్తులో పడి ఉంది. కోడి తండ్రిగారి గడియారం. దాన్ని తెచ్చి ప్రేమికుల కిటికీలో వాల్చకూడదనిపించింది. నైటింగేల్‌నూ లార్క్‌నూ ఆ పేర్లతోనే ఉంచాను.

నల్లరేగడి
సోమవారం, మధ్యాహ్నం 1:20

రాత్రంతా ఈ చర్చే మనసులో ఉంది. తెరవెనుక గారు కుదించిన రోజుల గురించి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటున్నాను. నక్షత్రాల వాక్యాన్ని మళ్లీ చదివితే ఒక సంగతి కనబడింది. 1597 నాటి మొదటి ముద్రణలో రోమియో 'నక్షత్రాలను ధిక్కరిస్తున్నాను' అంటాడు. 1599 నాటి రెండో ముద్రణలో ఆ చోట 'డినై', అంటే 'కాదంటున్నాను', అని అచ్చయింది. నేటి ముద్రణల్లో ఎక్కువగా ధిక్కారాన్నే తీసుకున్నారు. ధిక్కరించాలంటే వాటి అధికారాన్ని ముందు ఒప్పుకోవాలి. కాదనేవాడు అవి ఉన్నాయనే ఒప్పుకోడు. నేను ఇన్నాళ్లూ మొదటి రోమియోనే చూశాను.

అయినా ఒక మాట వదులుకోలేను. జూలియట్ పెళ్లినాటి సాయంత్రం అతని కోసం ఎదురుచూస్తూ, చావు తరువాత రోమియోను చిన్న చిన్న చుక్కలుగా కత్తిరించి ఆకాశంలో పరచమని రాత్రిని వేడుకుంటుంది. నాందిలో వాళ్ల మీద కక్షగట్టిన చుక్కలు, ఆమె నోట అతని ముఖమయ్యాయి. టిబాల్ట్ అప్పటికే చనిపోయాడని మనకు తెలుసు, ఆమెకు ఇంకా తెలియదు. ఇంత సంతోషంతో మాట్లాడుతున్న మనిషిని చూస్తూ, ఆమెకు తెలియనిది మనకు తెలిసి కూర్చోవడాన్ని నేను విధి అనే పిలుస్తాను. ఆ భారం మాత్రం ప్రేక్షకుడిది.

తెరవెనుక
సోమవారం, రాత్రి 9:30

నల్లరేగడి గారూ, ఆ చివరి మాటకు నా చేతులు జోడిస్తున్నాను. అది ప్రేక్షకుడి భారమే. వేదిక మీద ఉన్నవాళ్లకు దాన్ని మోసే తీరిక లేదు.

ఎవరూ ముట్టుకోని చివరి ఘట్టం గురించి చెప్పి ఆపుతాను. ఫ్రయర్ కథంతా చెప్పాక, ప్రభువు 'అందరికీ శిక్ష పడింది' అన్నాక, కాపులెట్ 'సోదరా మాంటెగ్యూ, నీ చేయి ఇవ్వు. ఇదే నా కూతురికి మీరిచ్చే జాయించర్, ఇంతకన్నా నేను అడగలేను' అంటాడు. జాయించర్ అంటే పెళ్లినాడు మగపెళ్లివారు పిల్ల పేర రాసే ఆస్తి. అంటే ఇవి పెళ్లిమాటలు. ఇద్దరు వియ్యంకులు ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకుంటున్నారు, ఎదురుగా పిల్లా పిల్లవాడూ శవాలై ఉన్నారు. ఇలా కూర్చుని మాట్లాడుకోవడం సోమవారం జరిగి ఉంటే నాటకమే లేదు. మాంటెగ్యూ వెంటనే 'నేను ఇంకా ఎక్కువ ఇవ్వగలను' అని, తమ ఊరు వెరోనా ఆ పేరుతో పిలవబడుతున్నంత కాలం నిలిచేలా జూలియట్‌కు మేలిమి బంగారు విగ్రహం చేయిస్తానంటాడు. కాపులెట్ ఊరుకోడు, అంత విలువైనదే రోమియోకూ చేయిస్తానంటాడు. మందులవాడి దగ్గర 'ఆత్మలకు విషం' అనిపించుకున్న బంగారమే ఇది. 'పేరు' అన్న మాట కూడా తిరిగి వచ్చింది, ఈసారి ఊరి పేరై. వాళ్లు నిజంగానే ఏడుస్తున్నారు, ఆ దుఃఖాన్ని నేను తక్కువ చేయను. కాని ఏడుస్తూ కూడా ఒకరికన్నా ఒకరు ఎక్కువ ఇవ్వాలనుకునే ఆ అలవాటు పోలేదు.

రెండో బెంచి
సోమవారం, రాత్రి 10:15

సార్, అయితే చిట్టచివరి వాక్యంలో ప్రభువు 'జూలియట్, ఆమె రోమియో' అన్నాడు గదా. నాటకం పేరులో రోమియో ముందు ఉన్నాడు, చివర ఆమె ముందుకు వచ్చింది. 'ఆమె రోమియో' అన్నప్పుడు మాంటెగ్యూ అన్న ఇంటిపేరు లేదు. తోటలో ఆమె వదిలెయ్యమని బతిమాలింది దాన్నే గదా?

మల్లెపందిరి
సోమవారం, రాత్రి 10:50

అవునమ్మా, దాన్నే. నీ జవాబు పత్రం రేపు నా దగ్గర తీసుకొని, ఆ ప్రశ్న మళ్లీ రాసి ఇవ్వు.